ఆటే కదా!

మన తెలుగులో ఓ రెండక్షరాల మాట ఉంది. ఏ తప్పు చివర్న తగిలించినా ఆ తప్పు సగానికి సగం తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. "ఒక్కసారే కదా." "అందరూ చేసేదే కదా." "పోయేదేముంది, పాతికరూపాయలే కదా." వీడియో గేముల మీదా, అవి ఆడేవాళ్ళ మీదా పరిశోధన చేసే విద్యార్థుల దగ్గర ఈ 'కదా' కాస్త ఎక్కువగానే వినపడుతుంది. అసలు మొదలయ్యేదే "ఆటే కదా, ఎవరికేం నష్టం" అన్న దగ్గర. ఈ టపా ఆ 'కదా'ల గురించి.

గేముల మీద పరిశోధన కూడానా అని ఆశ్చర్యపోయేవాళ్ళకి ఒక్క ముక్క. 2001లోనే 'గేమ్ స్టడీస్' అని దీనికోసమే ఒక పరిశోధన పత్రిక మొదలైంది. ముక్కూ మొహం తెలియని నలభైమంది అర్ధరాత్రి కూర్చుని ఒక రాక్షసుణ్ణి చంపడానికి ఎలా కుదురుకుంటారు, ఓడిపోయినవాడు ఎందుకు తిడతాడు, డబ్బు పోతోందని తెలిసీ ఎందుకు ఆపలేడు... ఇవన్నీ తెలుసుకోదగ్గ సంగతులే. అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్ళిన మన పిల్లలు, ఇక్కడ ఎంటెక్ చేసేవాళ్ళు ప్రాజెక్టుకి గేములు ఎంచుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. చిక్కల్లా ఒక్కటే. కెమిస్ట్రీ వాడి పరీక్షనాళికలో ఉండేది ద్రవం. వీళ్ళ పరీక్షనాళికలో ఉండేది మనిషి. పైగా ఆ మనిషి స్క్రీన్ మీద ఓ మరుగుజ్జులాగో, రెక్కల గుర్రంలాగో కనిపిస్తాడు కాబట్టి మనిషని గుర్తు ఉండదు.

మొదటి కదా: "గేము రూల్సు ఒప్పుకున్నాయి కదా."

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ట్విక్స్ట్ కథ. 'సిటీ ఆఫ్ హీరోస్' అని ఓ ఆన్‌లైన్ గేము ఉండేది. 2004లో మొదలై 2012 నవంబరులో మూతపడింది. ఒక పక్క హీరోలు, ఇంకో పక్క విలన్లు. ఇద్దరూ కొట్టుకోవడానికే కట్టిన మైదానం ఒకటి అందులో ఉండేది. ఐతే పోనుపోను జనం అక్కడ కొట్టుకోవడం మానేసి కబుర్లు చెప్పుకోవడం, ముందే అనుకుని సరదాగా తలపడడం మొదలెట్టారు. అదొక రాయని ఒప్పందం. న్యూ ఆర్లీన్స్‌లోని లొయోలా యూనివర్సిటీలో డేవిడ్ మైయర్స్ అనే ప్రొఫెసరు, ట్విక్స్ట్ అనే హీరో పాత్రతో ఆ మైదానంలోకి దిగాడు. దిగి ఏం చేశాడయ్యా అంటే, గేము ఎలా ఆడమందో అలా ఆడాడు. విలన్ కనపడితే కొట్టాడు. దూరాన ఉన్న శత్రువుని లాక్కొచ్చి పడేసే శక్తి ఒకటి ఉంది ఆ పాత్రకి. దాంతో కబుర్లాడుకుంటున్న విలన్లని లాక్కొచ్చి, కంప్యూటర్ నడిపే కాపలా యంత్రాల ముందు పడేశాడు. అవి వెంటనే కాల్చేస్తాయి.

ఇహ చూస్కోండి. బతిమాలారు, తిట్టారు, చంపుతామని బెదిరించారు. విలన్లే కాదు, సొంత పక్షం హీరోలు కూడా వెలేశారు. ఆయన తప్పిన రూలు మాత్రం ఒక్కటీ లేదు. 2008లో దీని మీద పేపరు రాశాడు, 2009లో పత్రికల్లోకెక్కింది. సారాంశం ఏంటంటే, కంపెనీ రాసిన రూల్సుకంటే జనం రాసుకోని రూల్సు గట్టివి, వాటిని మీరినవాణ్ణి ఊరు ఎలా తరిమేస్తుందో గేము కూడా అలాగే తరిమేస్తుంది.

ఇది చిన్న ఫలితమేమీ కాదు. సామాజికశాస్త్రంలో దీనికి పాత తాత ఉన్నాడు. 1960ల్లో హెరాల్డ్ గార్ఫింకెల్ తన విద్యార్థుల్ని ఇళ్ళకి పంపి, సొంత ఇంట్లోనే అద్దెకున్నవాళ్ళలా మర్యాదగా, ముభావంగా ప్రవర్తించమన్నాడు. తల్లిదండ్రులు కంగారుపడ్డారు, కోప్పడ్డారు. రాయని నియమం అది విరిగేదాకా కనిపించదు అని ఆయన చెప్పదల్చుకున్నది. మైయర్స్ చేసింది అదే, గేములో.

కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. గార్ఫింకెల్ విద్యార్థి సాయంత్రానికల్లా "అమ్మా, ఇది కాలేజీ వాళ్ళిచ్చిన పని" అని చెప్పి కాఫీ తాగగలడు. ట్విక్స్ట్ చేతిలో చచ్చిన విలన్‌కి ఆడుతున్నప్పుడు తానొక అధ్యయనంలో ఉన్నానని తెలియదు. పగలంతా ఎక్కడో ఉద్యోగం చేసి, రాత్రి గంటసేపు నలుగురితో నవ్వుకోడానికొచ్చినవాడు. ఆ గంట పోయింది. మైదానంలోకి అడుగుపెట్టాడంటే ఎదుటివాడి చేతిలో దెబ్బ తినడానికి ఒప్పుకున్నట్టే, సరే. ఒకరి పేపర్లో పాత్ర కావడానికి ఒప్పుకున్నట్టా? ఇవి రెండూ ఒకటి కావు. ఆటకిచ్చిన సమ్మతి వేరు, అధ్యయనానికిచ్చే సమ్మతి వేరు. ఈ టపా మొత్తంలో నేను చెప్పొచ్చేది ఈ ఒక్క ముక్కే అనుకున్నా పర్లేదు.

"ముందే చెబితే ప్రయోగం పాడైపోతుంది" అంటారు. నిజమే. అందుకే దానికో పద్ధతి ఉంది. ఈ మోసం అవసరమేనా, దెబ్బ ఎంత, ఎవరికి అన్నది పరిశోధకుడు కాకుండా బయటివాళ్ళు ముందే చూడాలి (అమెరికా యూనివర్సిటీల్లో ఈ కమిటీని ఐఆర్‌బీ అంటారు, అక్కడ చదివినవాళ్ళందరికీ ఆ పేరంటేనే నీరసం). పనయ్యాక ఆటగాళ్ళకి చెప్పాలి. నా మాటలు వాడొద్దు అన్నవాళ్ళ మాటలు తీసెయ్యాలి. ఇంకోటి, దీన్నెవరూ పట్టించుకోరు. ఇలాంటి ప్రయోగం చేసే విద్యార్థి భద్రత. ప్రొఫెసర్ గారికి వచ్చిన బెదిరింపులే హాస్టల్ గదిలో రాత్రి రెండింటికి ఒక్కడే కూర్చున్న ఇరవైరెండేళ్ళ కుర్రాడికి వస్తే? ఆ కుర్రాడు అమ్మాయైతే?

రెండో కదా: "ఐ అగ్రీ అని టిక్కు పెట్టారు కదా."

ఇది మా వృత్తివాళ్ళ కదా. మేం రోజూ చేసేదే. సగంమందికి ఒక బటను, సగంమందికి ఇంకో బటను చూపించి ఎవరు ఎక్కువ నొక్కారో లెక్కేస్తాం. గేము కంపెనీలూ అంతే. బటను రంగు మార్చడానికి ఎవరి సమ్మతీ అడగం, అడగక్కర్లేదు కూడా. ఐతే అదే పద్ధతిని ఫేస్‌బుక్ 2012 జనవరిలో ఓ వారంపాటు 689,003 మంది మీద వాడింది. కొందరికి సంతోషంగా ఉన్న పోస్టులు తగ్గించి, కొందరికి బాధగా ఉన్నవి తగ్గించి, వాళ్ళ రాతల్లో మూడ్ మారుతుందా అని చూసింది. 2014లో దీన్ని పీఎన్ఏఎస్ పత్రికలో యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి అచ్చేశారు. సమ్మతి ఎక్కడ అంటే, ఖాతా తెరిచేటప్పుడు మా డేటా విధానానికి ఒప్పుకున్నారు కదా అన్నారు. గొడవయ్యాక ఆ పత్రిక, సమ్మతి విషయంలో తన ఆందోళనని తెలియజేస్తూ సంపాదకీయ ప్రకటన వేసింది. వ్యాసాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇందులో మనిషి మూడ్ మారింది చాలా తక్కువే. ఐనా గొడవ ఎందుకైంది? మీరు మీ ఇంటి ఓనరు పెట్టిన కాగితం మీద సంతకం పెడితే అద్దె కట్టడానికి ఒప్పుకున్నారని అర్థం. ఆయన మీ పడగ్గదిలో థర్మామీటరు పెట్టడానికి కాదు. ముప్ఫై పేజీల షరతుల కింద నొక్కిన టిక్కు ఒక కంపెనీకి న్యాయస్థానంలో పనికిరావచ్చు. ఒక విద్యార్థికి, ఒక యూనివర్సిటీకి అది చాలదు. చాలకూడదు.

ఇక్కడే ఇంకో కథ చెప్పాలి, ఎందుకంటే అందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. 2005 సెప్టెంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో ఓ కొత్త రాక్షసుణ్ణి పెట్టారు. వాడు ఆటగాళ్ళకి ఒక అంటురోగం తగిలిస్తాడు. అది వాడి గుహ దాటి బయటికి రాకూడదు. కానీ పెంపుడు జంతువుల ద్వారా ఊళ్ళలోకి పాకింది (మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో బగ్గు). బలం తక్కువున్న కొత్త ఆటగాళ్ళు వీధుల్లో కుప్పకూలారు. వైద్యం తెలిసిన పాత్రలవాళ్ళు కొందరు పరుగెత్తుకొచ్చారు. కొందరు ఊళ్ళొదిలి పారిపోయారు. ఇంకొందరు మాత్రం కావాలనే రోగం అంటించుకుని జనం మధ్యకి వెళ్ళారు. చివరికి కంపెనీ సర్వర్లు రీసెట్ చెయ్యాల్సొచ్చింది. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే ఇద్దరు 2007లో దీని మీద లాన్సెట్ వారి అంటురోగాల పత్రికలో రాశారు. నిజం అంటురోగాల లెక్కల నమూనాల్లో మనిషి చేసే ఇలాంటి పిచ్చిపనులు, మంచిపనులు ఉండవు, ఇలాంటి ఆటలు ఆ లోటు తీర్చొచ్చు అని వాళ్ళ వాదన. 2020 వచ్చాక ఆ వ్యాసాన్ని అందరూ మళ్ళీ తవ్వి తీశారు.

సరే, చూశారా, ఎంత మంచి ఆలోచనో. మరి అక్కణ్ణించి ఒక్క అడుగు వెయ్యండి. "ఐతే మనమే కావాలని ఓ రోగం వదిలి చూస్తే?" బగ్గు వల్ల జరిగినదాన్ని చూసి రాసుకోవడం ఒకటి. పనిగట్టుకుని జరిపించడం ఇంకోటి. ఆటలోని రోగమే కాబట్టి తప్పనను. కానీ ముందే అందరికీ చెప్పి, ఇష్టమున్నవాళ్ళు చేరే సర్వర్‌లో చెయ్యాలంటాను. అలా చేస్తే ఫలితం కాస్త మారొచ్చు. మారనివ్వండి. ఆ సంగతి పేపర్లో రాయండి.

మూడో కదా, నాలుగో కదా జంటకవులు: "అందరికీ కనపడేదే కదా", "పేర్లు తీసేస్తాం కదా."

ఆ మధ్య మాకు వరసకి అన్నయ్య అయ్యే ఒకాయన కొడుకు ఫోన్ చేశాడు. ఎంటెక్ చేస్తున్నాడు. గేము మధ్యలో వాయిస్ చాట్‌లో ఆడపిల్ల గొంతు వినపడగానే మిగతావాళ్ళు ఎలా మారిపోతారో చూస్తాడట. బంగారంలాంటి ప్రశ్న.

"బాబాయ్, డిస్కార్డ్‌లో ఓ బాట్ పెట్టి రికార్డ్ చేసేస్తా. దాన్ని టెక్స్ట్‌లోకి మార్చే స్క్రిప్టు నువ్వు రాసిపెట్టు" అన్నాడు.

"రికార్డ్ అవుతోందని వాళ్ళకి తెలుసా?"

"ఎవరైనా రావొచ్చు బాబాయ్ ఆ సర్వర్‌లోకి. పబ్లిక్కే కదా. ఐనా పేర్లు తీసేస్తా కదా."

రచ్చబండ దగ్గర మాట్లాడుకునే మాటలు దారినపోయేవాళ్ళందరూ వినొచ్చు. అంతమాత్రాన మర్రిచెట్టు తొర్రలో టేప్ రికార్డర్ దాచిపెట్టి, నెల తర్వాత ఊరిమాటలన్నీ పుస్తకం వేస్తే ఊరుకుంటారా? వినపడడం వేరు, మూటగట్టడం వేరు. ఇంటర్నెట్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఒకటి 2002లో, 2012లో, 2019లో మూడుసార్లు నైతిక మార్గదర్శకాలు రాసింది. అందులో నాకు నచ్చింది, ఒక చోటు పబ్లిక్కా ప్రైవేటా అన్నది తలుపుకి తాళం ఉందా లేదా అన్నదాన్నిబట్టే తేలదు, అక్కడ మాట్లాడేవాళ్ళు ఏమనుకుని మాట్లాడుతున్నారో కూడా చూడాలి అన్న ధోరణి.

ఇహ పేర్లు తియ్యడం సంగతి. గేములో ఒక పేరుతో ఎనిమిదేళ్ళు ఆడినవాడికి ఆ పేరు మారుపేరు కాదు, పేరే. దానికో పరువుంది, దానికి తెలిసినవాళ్ళున్నారు. పోనీ దాన్నీ తీసేశారనుకోండి, రాతపూర్వకంగా ఉన్న చాట్‌లోంచి ఒక వాక్యం ఉన్నదున్నట్టు పేపర్లో పెడితే, గూగులిస్తే అర నిముషంలో దొరికిపోవచ్చు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ పాఠం 2006లోనే నెట్‌ఫ్లిక్స్ నేర్పింది. పేర్లు తీసేసి పది కోట్ల సినిమా రేటింగులు పోటీ కోసం విడుదల చేసింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే ఇద్దరు, ఐఎండీబీలో జనం బాహాటంగా ఇచ్చుకున్న రేటింగులతో పోల్చి, కొందరు మనుషుల్ని పట్టుకోవచ్చని చూపించారు. ఎవరు ఏ గంటకి లాగిన్ అవుతారు, ఎవరితో ఆడతారు, ఎంతసేపు ఆడతారు అన్నది సినిమా రేటింగు కంటే గట్టి వేలిముద్ర.

స్క్రిప్టు గంట పని. రాయలేదు. దాని బదులు, ఒప్పుకున్న అమ్మాయిలతో మాట్లాడమన్నాను, ఇష్టమైతే వాళ్ళ ఆటని వాళ్ళనే రికార్డ్ చేసి పంపమనమన్నాను. "శాంపిల్ ఇంతే ఉంటుంది బాబాయ్" అని గొణిగాడు. నిజంగానే చాలా కొద్దిమందే దొరికారు. కానీ వాళ్ళలో ఎక్కువమంది చెప్పింది ఒకటే: "మేం మైకు ఆన్ చెయ్యం. మగపేరు పెట్టుకుంటాం." వాడి బాట్ నెలంతా రికార్డ్ చేసినా ఈ సంగతి దొరికేది కాదు. మాట్లాడనివాళ్ళు లాగ్‌లో ఉండరు. మర్యాదగా అడగడం నైతికంగా మంచిదే కాదు, ఒక్కోసారి పరిశోధనగా కూడా మంచిది.

అయిదో కదా: "ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు కదా."

పిల్లల ఆటల మీద సర్వే అనగానే మనవాళ్ళు చేసే పని, తెలిసిన స్కూల్లో ప్రిన్సిపాల్‌ని పట్టుకుని, ఒక పీరియడ్ ఖాళీ చేయించి, కాగితాలు పంచెయ్యడం. తల్లిదండ్రులకి తెలియదు, పిల్లాడికి వద్దనే అవకాశం లేదు. సార్ నిలబడి చూస్తూంటే ఎవడు వద్దంటాడు?

దీన్ని చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఖమ్మం గుర్తుచెయ్యాలి. 2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా అధ్యయనం ఒకటి మొదలైంది. అందులో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. కానీ సమ్మతి పత్రాలు తీసి చూస్తే, తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టి ఉన్నారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకాకీ గేము సర్వేకీ పోలికా అనొచ్చు. దెబ్బలో పోలిక లేదు, నిజమే. అలవాటులో ఉంది. అడగాల్సినవాణ్ణి వదిలేసి, అడిగితే కాదననివాణ్ణి అడగడం అనే అలవాటు.

పెద్దవాళ్ళ ఆటల్లో ఇంకో ప్రమాదం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి నిషేధించాయి. ఆంధ్రా సవరణలో ఆడించేవాళ్ళకే కాదు, ఆడేవాళ్ళకి కూడా శిక్ష పెట్టారు. 2025లో కేంద్రం కూడా డబ్బు గేములని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఇప్పుడు ఒక విద్యార్థి "ఆన్‌లైన్ రమ్మీలో ఎంత పోగొట్టుకున్నారు?" అని గూగుల్ ఫారం పంచి, చివర్లో వోచర్ ఇవ్వడానికని ఫోన్ నెంబరు అడిగాడనుకోండి. ఆ ఎక్సెల్ షీటు ఏంటది? ఎవరెవరు ఏ తప్పు చేశారో, ఎంత అప్పులో ఉన్నారో, ఫోన్ నెంబర్లతో సహా ఉన్న జాబితా. అది వాడి లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ లేకుండా ఉంటుంది. లాప్‌టాప్ రూమ్మేటు కూడా వాడతాడు. రేపు ఆ జాబితా అప్పిచ్చినవాడికో, ఇంట్లో వాళ్ళకో దొరికితే పోయేది విద్యార్థి మార్కులు కాదు, ఇంకొకరి కాపురం. ఫోన్ నెంబరు అసలు తీసుకోకపోవడమే దీనికి మందు. లేని డేటా లీకవదు, ఇంతకంటే గొప్ప సెక్యూరిటీ సూత్రం నా ఉద్యోగంలో నేను నేర్చుకోలేదు.

చివరి కదా: "రెండు అంకెలే కదా."

ఇప్పటిదాకా ఆటగాళ్ళ పట్ల నిజాయితీ. ఇది డేటా పట్ల నిజాయితీ. వేరే విషయంలా కనపడుతుంది గానీ వేరు కాదు. ఓ గంటసేపు కూర్చుని మీ ప్రశ్నలకి జవాబులిచ్చినవాడి మాటని మీరు మార్చి రాస్తే, అదీ వాణ్ణి మోసం చెయ్యడమే.

2012లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి ఒక పేపరు వచ్చింది. 151 మంది కాలేజీ విద్యార్థులతో గేములు ఆడించారు. పిస్తోలు ఆకారంలో ఉన్న కంట్రోలర్‌తో హింస ఉన్న షూటింగ్ గేము ఆడినవాళ్ళు, తర్వాత ఒక బొమ్మ మీద కాల్చినప్పుడు తలకి 99 శాతం ఎక్కువ గుళ్ళు తగిలించారని తేల్చారు. పత్రికలకి పండగ. మన దగ్గర "సెల్‌ఫోన్ గేములు పిల్లల్ని చెడగొడుతున్నాయి" అనే పెద్దలకి ఇంతకంటే సాక్ష్యం ఏంకావాలి? 2015లో మాల్టే ఎల్సన్, పాట్రిక్ మార్కీ అనే ఇద్దరు పరిశోధకులు, డేటా ఫైల్లో కొన్ని అంకెలు పొసగడం లేదని లేఖ రాశారు. తేల్చుకుందామంటే అసలు కాగితాలు, మొదట నమోదుచేసిన రికార్డులు దొరకలేదు. 2017 జనవరిలో ఆ పేపరుని వెనక్కి తీసుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో యూనివర్సిటీ దాని మొదటి రచయిత్రి పీహెచ్‌డీని రద్దు చేసింది. అప్పుడు విద్యార్థినిగా ఉండి చేసిన పని, ఐదేళ్ళ తర్వాత డిగ్రీనే తీసుకుపోయింది.

ఆ అంకెలు ఎలా మారాయో అక్కడ కూర్చోని నేను చెప్పలేను, చెప్పను. నా దృష్టి దొరకని కాగితాల మీద. ముడి డేటా భద్రంగా ఉంటే, ఎవరు ఎప్పుడు ఏ గడి మార్చారో రాసి ఉంటే, తప్పు జరిగిందా లేదా అన్నది ఓ పూటలో తేలేది. మేం కోడ్‌లో ఒక కామా మార్చినా గిట్‌లో పేరూ తారీఖూ పడతాయి. మనుషులిచ్చిన జవాబుల్ని మాత్రం ఎక్సెల్‌లో తెరిచి, మార్చి, అదే ఫైలు మీద సేవ్ కొట్టేస్తాం. విచిత్రం కాదూ?

దొంగలెక్కలు రాసేవాళ్ళు తక్కువే. ఎక్కువమంది చేసేది ఇంకోటి. గేములు కోపాన్ని పెంచుతాయా అని కొలవడానికి ల్యాబుల్లో ఒక పరీక్ష వాడతారు. పోటీలో ఓడిన ఎదుటివాడికి చెవిలో హోరు వినిపించొచ్చు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది మీ ఇష్టం. సరే, ఏది లెక్కేస్తాం? గట్టిదనమా? నిడివా? రెండూ కలిపా? మొదటిసారిదా, అన్నిటి సగటా? పైన చెప్పిన ఎల్సనే, ఈ పరీక్ష వాడిన 130 ప్రచురణల్ని పోగేస్తే, ఫలితాన్ని లెక్కకట్టిన పద్ధతులు 150కి పైగా తేలాయి. ఒకే పరీక్ష, నూటయాభై కొలబద్దలు. అన్నీ వేసి చూసి, మనకి కావల్సిన జవాబొచ్చినదాన్ని మాత్రం అచ్చేస్తే, అబద్ధం ఒక్కటీ ఆడకుండానే అబద్ధం చెప్పొచ్చు.

దీనికీ మందుంది. ఏం కొలుస్తామో, ఎలా లెక్కేస్తామో, ఎవర్ని తీసేస్తామో డేటా చూడకముందే రాసి, తారీఖు వేసి, నలుగురికీ కనపడేచోట పెట్టెయ్యడం. 2019లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ ప్షిబిల్స్కీ, మరొకరు కలిసి అలాగే చేశారు. 1,004 మంది బ్రిటిష్ పిల్లలు, 14-15 ఏళ్ళవాళ్ళు, వాళ్ళతోబాటు అంతేమంది వాళ్ళని పెంచే పెద్దవాళ్ళు. హింస ఉన్న గేములు ఆడడానికీ, పెద్దవాళ్ళు చెప్పిన ఆ పిల్లల దురుసుతనానికీ సంబంధం కనపడలేదన్నారు. దీంతో వాదన ముగిసిపోయిందని నేననను. కానీ ఫలితం ఎటొచ్చినా అచ్చేస్తామని ముందే కట్టుబడినవాళ్ళ మాటకి బరువెక్కువ. ఈ రంగంలో అది మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ విననివాడు లేడు, ముందే తీర్పు చెప్పనివాడూ లేడు. తల్లిదండ్రులకి ఒక జవాబు కావాలి, గేము కంపెనీలకి ఇంకో జవాబు కావాలి. విద్యార్థి స్వయంగా ఆ గేముకి వీరాభిమాని ఐతే వాడికీ ఓ జవాబు కావాలి. మూడోదాన్ని కనిపెట్టడమే అన్నిటికంటే కష్టం.

"ఇన్ని చూసుకుంటూ కూర్చుంటే ప్రాజెక్టు ఎప్పుడవుతుంది?" అన్న ప్రశ్న వస్తుందని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. ఐఆర్‌బీ కమిటీలు నెలలు నానుస్తాయి, గేముల గురించి తెలియనివాళ్ళు అందులో కూర్చుంటారు, ఒక్కోసారి అక్కర్లేని కాగితాలు అడుగుతారు. మన ఇంజనీరింగు ప్రాజెక్టుల్లో చాలావాటిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, అడిగేవాడే ఉండడు. అడిగేవాడు లేనప్పుడు మనమే అడుక్కోవాల్సిన ప్రశ్నలు మహా ఐతే నాలుగు. నేను చూస్తున్నానని వాళ్ళకి తెలుసా? వద్దంటే తప్పుకునే దారి ఉందా? ఈ ఫైలు రేపు బయటపడితే ఎవరికి దెబ్బ? నా లెక్కని ఐదేళ్ళ తర్వాత ఇంకొకరు మొదట్నించీ చేసి చూడగలరా? ఈ నాలుగింటికీ ఒక సాయంత్రం చాలు. నాలుగోదానికి ఒక గిట్ రిపోజిటరీ, కాస్త ఓపిక.

మీ ఇంట్లో, మీ కింద పనిచేసే ఇంటర్నుల్లో, ఎవరైనా గేముల మీద ప్రాజెక్టు చేస్తూంటే ఈ నాలుగూ అడిగి చూడండి. జవాబులో ఎన్ని 'కదా'లు వచ్చాయో లెక్కపెట్టండి. ఒకటీ అరా ఐతే పర్లేదు. మూడు దాటితే మాత్రం ఆ రోజుకి స్క్రిప్టు రాసిపెట్టకండి :-)